ఫైలుకు తాళం, గొంతుకు రక్షణ: వీడియో గేమ్ ధ్వనుల సంరక్షణపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
వీడియో గేమ్‌లోని సంగీతం, సంభాషణలు, పరిసరధ్వనులు ఫైళ్ళ రూపంలో ఆడేవారి యంత్రంలోకే చేరుతాయి. వాటిని ఆడేవారు నకలు చేసుకోకుండా ఆపాలన్న ప్రయత్నం చాలాకాలంగా సాగుతున్నది. ఈ ప్రయత్నం ధ్వనులన్నిటినీ ఒకే రకమైన ఆస్తిగా చూస్తున్నదని, అందువల్ల నిజంగా రక్షణ అవసరమైన చోట బలహీనంగా, అంతగా అవసరం లేని చోట కఠినంగా ఉంటున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. సాంకేతిక పరిమితులు, భారతీయ కాపీరైట్ చట్టం, తెలుగు గేయసంప్రదాయంలోని ముద్ర, అన్నమయ్య రాగిరేకుల అనుభవం ఆధారంగా చర్చ సాగుతుంది. అనకాపల్లి జిల్లాలోని కొండకర్ల ఆవను ధ్వనిక్షేత్రంగా తీసుకున్న ఒక ఊహాత్మక ఆటను నమూనాగా పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: వీడియో గేమ్, ధ్వనిముద్రణ, ఎన్‌క్రిప్షన్, కాపీరైట్, ప్రదర్శకుల హక్కు, ముద్ర, కొండకర్ల ఆవ, కృత్రిమ మేధ

1. ఉపోద్ఘాతం:
తెలుగులో ‘ఆట’ అన్న మాటకు విస్తృతి ఎక్కువ. చదరంగమూ ఆటే, తోలుబొమ్మలదీ ఆటే. ఉత్తరాంధ్రలో రేకుతప్పెట రొమ్ముకు కట్టుకొని అడుగులు వేసే తప్పెటగుళ్ళవారు చేసేదీ ఆటే. ఆడేవాడు, ఆడించేవాడు, చూసేవాడు అన్న భేదాలు ఈ మాటలో పూర్తిగా విడిపోలేదు. ఆటను పదేపదే చూసినవాడు పాట నేర్చుకుంటాడు. నేర్చుకున్నవాడు మరొక ఊరిలో పాడతాడు. ఆ వ్యవస్థలో నకలు చేయడమంటే నేర్చుకోవడమే.

వీడియో గేమ్ ఈ పరిస్థితిని మార్చింది. ఇక్కడ పాట మనిషి జ్ఞాపకంలో కాక ఫైలులో ఉంటుంది. ఆ ఫైలును తీసుకోవడానికి నేర్చుకోవలసిన పని లేదు. ఒక చోటి నుండి మరొక చోటికి మార్చితే చాలు. ఒక్క స్వరమూ చెడకుండా నకలు తయారవుతుంది. అందుచేత ఆట తయారుచేసినవారికి భయం కలగడం సహజం. సంగీతకర్త నెలల తరబడి చేసిన పని, స్టూడియోలో గాత్రధారి పలికిన వందలాది వాక్యాలు ఒక ఫోల్డరులో కనిపిస్తున్నప్పుడు వాటికి తాళం వేయాలనిపిస్తుంది.

ఆ తాళం దేనిని కాపాడుతున్నది, ఎవరి నుండి కాపాడుతున్నది, దానికి మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అన్న మూడు ప్రశ్నలు ఈ వ్యాసానికి ఆధారం. చర్చ గాలిలో తేలిపోకుండా ఒక స్థలాన్ని ఎంచుకోవడం జరిగింది. అచ్యుతాపురం మండలంలోని కొండకర్ల గ్రామం పక్కన ఉన్న మంచినీటి సరస్సును స్థానికులు ‘ఆవ’ అంటారు. రెండు తాటిమొద్దులను జతచేసి కట్టిన దోనెల మీద అక్కడ తిరుగుతారు. శీతకాలంలో వలసపక్షులు చేరే చోటు అది. అచ్యుతాపురం పారిశ్రామిక ప్రాంతం దానికి దగ్గరలోనే ఉన్నది. ఈ ఆవ ధ్వనులతో ఒక తెలుగు వీడియో గేమ్ తయారైందని ఊహిస్తే, ఆ ఆటలోని ఫైళ్ళలో ఏది ఎవరిది అన్న ప్రశ్న స్పష్టంగా ముందుకు వస్తుంది. ఇది ఊహాత్మక నమూనా మాత్రమే. నమూనాలోకి వెళ్ళే ముందు తాళాల స్వభావాన్ని తెలుసుకోవడం అవసరం.

2. తాళాల తీరు:
ఆటలలో ధ్వనిని దాచే పద్ధతులను స్థూలంగా నాలుగు మెట్లుగా చూడవచ్చు.

మొదటి మెట్టులో దాచడమే లేదు. 1996లో వచ్చిన ‘క్వేక్’ ఆట సీడీలో నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం సంగీతం మామూలు ఆడియో ట్రాకులుగానే ఉండేది. ఆ సీడీని పాటల ప్లేయరులో పెట్టినా సంగీతం వినిపించేది. 2015లో వచ్చిన ‘అండర్‌టేల్’ కంప్యూటర్ ప్రతిలో పాటలు ఓగ్ ఫైళ్ళుగా, పేర్లతో సహా, ఫోల్డరులో బహిరంగంగా కనిపిస్తాయి.

రెండవ మెట్టు మూటకట్టడం. వందల ధ్వనులను ఒకే పెద్ద ఫైలులో చేర్చి, లోపలి పేర్లను అంకెలుగా మారుస్తారు. వైజ్, ఎఫ్‌మాడ్ వంటి ధ్వనిపరికరాలు ఈ పని చేస్తాయి. వీటి ప్రధానోద్దేశం వేగం, పొదుపు; దాపరికం అనుబంధ ఫలితం. 1993 నాటి ‘డూమ్’ ఆట కూడా తన సామగ్రినంతా వాడ్ అనే మూటలో పెట్టింది. అయితే ఆడేవారు సొంత సామగ్రిని చేర్చుకోవడానికి వీలుగానే ఆ ఏర్పాటు జరిగింది. మూట అనగానే తాళం కాదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

మూడవ మెట్టు ఎన్‌క్రిప్షన్. తాళంచెవి లేనిదే ఫైలు తెరుచుకోదు. ఎఫ్‌మాడ్ మూటలకు, గొడో వంటి ఆటల ఇంజన్లు తయారుచేసే మూటలకు ఈ సౌకర్యం ఉన్నది. నాల్గవ మెట్టులో ఫైలును ఆడేవారికి ఇవ్వనే ఇవ్వరు. అవసరమైనప్పుడు సర్వరు నుండి ధ్వనిని ప్రసారం చేస్తారు.

ఈ నాలుగింటిలో కఠినమైనవిగా కనిపించే చివరి రెండింటికీ ఒక మౌలికమైన లోపం ఉన్నది. రహస్యలిపిశాస్త్రం సాధారణంగా ముగ్గురిని ఊహించుకొంటుంది: పంపేవాడు, అందుకొనేవాడు, మధ్యలో దొంగచాటుగా వినేవాడు. ఆటలో అందుకొనేవాడూ ఆడేవాడే, తయారీదారు భయపడుతున్నదీ అతనికే. తాళంచెవిని అతని యంత్రంలోనే పెట్టక తప్పదు, లేకపోతే పాట వినిపించదు. 1883లోనే కెర్కాఫ్ ఒక సూత్రం చెప్పాడు: పద్ధతి అంతా శత్రువుకు తెలిసినా రహస్యం నిలవాలి, భద్రతంతా తాళంచెవి మీదనే ఆధారపడాలి. ఆ తాళంచెవే ఎదుటివాని ఇంట్లో ఉన్నప్పుడు ఈ సూత్రం అన్వయించడానికి చోటు మిగలదు. సర్వరు నుండి ప్రసారం చేసినా, స్పీకరుకు వెళ్ళే ధ్వనిని అదే యంత్రంలో మళ్ళీ ముద్రించుకోవచ్చు. వినిపించవలసిన దానిని వినకుండా దాచే ఉపాయం లేదు.

3. సంగీతపరిశ్రమ నేర్చిన పాఠం:
ఈ పరిమితిని ఆటల పరిశ్రమకు ముందే సంగీతపరిశ్రమ అనుభవించింది. 2000లో కొన్ని సంస్థలు కలిసి ధ్వనిలో దాచిన గుర్తులను తొలగించి చూపమని బహిరంగంగా సవాలు విసిరాయి. ఆచార్య ఎడ్వర్డ్ ఫెల్టెన్ బృందం వాటిని ఛేదించింది. ఆ పరిశోధనను ప్రకటిస్తే న్యాయపరమైన చిక్కులు తప్పవన్న హెచ్చరిక రాగా, 2001లో పత్రసమర్పణ కొన్ని నెలలు వాయిదా పడింది. 2005లో సోనీ బీఎంజీ సంస్థ తన పాటల సీడీలలో పెట్టిన రక్షణసాధనం వినియోగదారుల కంప్యూటర్లలో తన ఉనికిని దాచుకొని కూర్చుంటున్నదని బయటపడింది. సంస్థ ఆ సీడీలను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. 2009 నాటికి ఐట్యూన్స్ దుకాణం తన పాటలపై తాళాలను తొలగించింది.

ఈ మూడు ఘటనలలో నష్టపోయింది ఎవరన్నది గమనార్హం. మొదటిదానిలో పరిశోధకుడు, రెండవదానిలో డబ్బిచ్చి కొన్న శ్రోత. దొంగనకళ్ళు చేసేవాడు మాత్రం తాళం లేని ప్రతిని సంపాదించుకొని ఇబ్బంది లేకుండా విన్నాడు. రక్షణ ఖర్చు నిజాయితీపరుని మీద పడి, ప్రయోజనం అనిశ్చితంగా మిగిలింది.

ఆటల విషయంలో మరొక అంశం తోడవుతుంది. ఆటలోని సంగీతం చాలాసార్లు పూర్తి పాటగా ఉండదు. ప్రమాదం దగ్గరపడితే ఒక పొర చేరుతుంది, తప్పుకుంటే మరొకటి తగ్గుతుంది. తీగవాద్యం ఒక ఫైలులో, తాళవాద్యం వేరొక ఫైలులో ఉంటాయి. వాటిని కలిపేది ఆడేవాని నడక. కాబట్టి ఫైళ్ళన్నిటినీ నకలు చేసుకొన్నవానికి దక్కేది సంగీతానికి కావలసిన ముడిసరుకు. ఆట అనుభవం దక్కదు. ‘అండర్‌టేల్’ ఫైళ్ళు బహిరంగంగా ఉన్నా దాని పాటల సంపుటి విడిగా విక్రయానికి వచ్చింది. అభిమానులు యూట్యూబులో పెట్టిన ఆటపాటలను ఏళ్ళ తరబడి తొలగింపజేసిన నింటెండో సంస్థ కూడా 2024 అక్టోబరులో తన చందాదారులకు ఆ పాటలు వినిపించే యాప్‌ను విడుదల చేసింది. వినాలన్న కోరికను ఆపడం కన్న, దానికి ఒక దారి చూపడం మేలన్న గుర్తింపు ఇందులో కనిపిస్తుంది.

4. ముద్ర, రాగిరేకు - రెండు తెలుగు అనుభవాలు:
నకలును ఆపలేని సమాజం కర్తృత్వాన్ని ఎలా కాపాడుకొన్నది అన్న ప్రశ్నకు తెలుగు గేయసాహిత్యంలో స్పష్టమైన సమాధానం ఉన్నది. అది ముద్ర. అన్నమయ్య పదాలలో వేంకటేశ్వరుని పేరు, క్షేత్రయ్య పదాలలో మువ్వగోపాలుడు, త్యాగరాజ కీర్తనలలో ఆయన సొంత పేరు, వేమన పద్యాలలో మకుటం ఈ పనినే చేశాయి. పాట ఎన్ని నోళ్ళు మారినా ముద్ర దానితోనే ప్రయాణించింది. ఇది నకలును అడ్డుకోదు. ప్రతి నకలునూ సాక్షిగా మారుస్తుంది. పైగా పాటలో భాగమై ఉంటుంది కనుక, తొలగిస్తే ఛందస్సో లయో దెబ్బతింటుంది. ఈనాటి సాంకేతికులు వాటర్‌మార్క్ అంటున్న దానికి ఇది వినిపించే రూపం. ఆధునికకాలంలో ఉత్తరాంధ్ర ప్రజాకవి వంగపండు ప్రసాదరావు (1943-2020) పాటలు కూడా ఫైళ్ళ రక్షణతో నిలిచినవి కావు. నోటి నుండి నోటికి వెళ్ళినా కవి పేరు వాటిని విడిచిపోలేదు.

అయితే ముద్రకు పరిమితి ఉన్నది. అది పేరును కాపాడుతుంది, జీవనోపాధిని కాపాడదు. మౌఖికసంప్రదాయాన్ని స్మరించి ‘నకలు స్వేచ్ఛే సంస్కృతి’ అని తీర్పు చెప్పడం తొందరపాటు అవుతుంది. ఆ సంప్రదాయంలో పాడినవాడు ఎదురుగా ఉండేవాడు. బియ్యమో బట్టో సంభావనో అతని చేతికే అందేది. ఫైలు నకలులో ఆ చేయి కనిపించదు.

రెండవ అనుభవం దీనికి భిన్నమైనది. అన్నమయ్య (1408-1503) ముప్పైరెండు వేల సంకీర్తనలు రచించాడని సంప్రదాయం చెబుతుంది. వాటిని రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో భద్రపరిచారు. భాండారం ఉద్దేశం నకలును ఆపడం కాదు, పాటను శాశ్వతం చేయడం. అయినా అది శతాబ్దాల పాటు మరుగున ఉండిపోయి, ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో గాని వెలుగులోకి రాలేదు. దొరికినవి సంప్రదాయం చెప్పే సంఖ్యలో సగాని కన్న తక్కువ. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల కృషితో సాహిత్యం పరిష్కృతమైంది. రేకులపై రాగం పేరు ఉన్నది, స్వరరచన లేదు. అందుచేత ఈనాడు వినిపించే బాణీలలో అధికభాగం రాళ్ళపల్లి, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ వంటివారు కొత్తగా కూర్చినవి. అంటే లోహంలో పదిలంగా ఉన్నది మాట. గొంతులలో ప్రయాణం ఆగిపోయినందున పోయినది ధ్వని. భద్రపరచడం వేరు, బతికించడం వేరు అనడానికి ఇంతకన్న బలమైన ఉదాహరణ తెలుగులో అరుదు.

ఆటలకూ ఈ ప్రమాదం ఉన్నది. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటలలో 87 శాతం ఇప్పుడు మార్కెట్టులో లభించడం లేదు. సంస్థ మూతపడి, సర్వరు ఆగి, తాళంచెవి పోతే ఎన్‌క్రిప్ట్ చేసిన ధ్వని స్వరరచన లేని రాగిరేకు వంటిదే అవుతుంది. తాళం వేసినవారికే తెరవడం సాధ్యం కాని రోజు వస్తుంది.

5. కొండకర్ల ఆవ - ఒక నమూనా:
ముందుగా ప్రస్తావించిన ఊహాత్మక ఆటను ఇప్పుడు పరిశీలించవచ్చు. ఆడేవాడు దోనె మీద ఆవలో తిరుగుతూ కథను ముందుకు నడుపుతాడు అనుకుంటే, ఆ ఆటలో కనీసం నాలుగు రకాల ధ్వనులు ఉంటాయి.

మొదటిది పరిసరధ్వని: కొంగలు, బాతులు, నీటికోళ్ళ అరుపులు, దోనె అంచుకు తగిలే నీటి చప్పుడు. పక్షికి కాపీరైట్ లేదు. కాని భారతీయ కాపీరైట్ చట్టం (1957) నిర్వచనం ప్రకారం ఏ ధ్వనులను ముద్రించినా అది ధ్వనిముద్రణే. దానికి కర్త నిర్మాత. ఆవ ఒడ్డున మైకు పెట్టినవారికి ఆ ముద్రణపై హక్కు వస్తుంది, ఆ ధ్వనిపై రాదు. మరునాడు మరొకరు వచ్చి అదే చోట ముద్రించుకోవచ్చు. ఇక్కడ తాళం కాపాడేది చాలా స్వల్పం. పైగా నకలు దిశ తిరగబడే అవకాశం ఉన్నది. 2005లో మొదలైన జెనో-కాంటో వంటి బహిరంగ నిధులలో వేలాది పక్షుల గొంతులు ఉన్నాయి. వాటిలో అధికభాగం వాణిజ్యేతర ప్రయోజనానికి మాత్రమే అనుమతించే క్రియేటివ్ కామన్స్ షరతులతో లభిస్తాయి. అలాంటి ముద్రణను అనుమతి లేకుండా ఆటలో కలిపి, ఆ ఫైలుకు తాళం వేస్తే, ఆ తాళం నకలును అడ్డుకోవడానికి బదులు నకలును దాచిపెడుతుంది. మరొక విశేషం కూడా గుర్తించాలి. వేటగాళ్ళ బెడద ఉన్న కొన్ని జాతుల పక్షుల ముద్రణలను అదే నిధి బహిరంగంగా వినిపించదు, ఎందుకంటే ముద్రిత ధ్వనిని వినిపించి పక్షిని రప్పించవచ్చు. అక్కడ రక్షణ ఫైలు కోసం కాదు, పక్షి కోసం. హాని ఎవరికి అన్న ప్రశ్న నుండి తాళం పుట్టిన అరుదైన సందర్భం ఇది.

రెండవది సంగీతం. దీనికి కర్త ఉన్నాడు, హక్కు ఉన్నది, మార్కెట్టు ఉన్నది. నకలు వల్ల జరిగే నష్టం ప్రధానంగా ఆర్థికం. దానికి పరిహారం ఊహించవచ్చు. సంపుటిగా విక్రయించడం, ముద్ర వేయడం, చట్టాన్ని ఆశ్రయించడం వంటి మార్గాలు ఉన్నాయి.

మూడవది స్థానిక కళాబృందపు ప్రదర్శన. తప్పెటగుళ్ళ దరువు అనుకుందాం. కాపీరైట్ చట్టంలో జానపద వ్యక్తీకరణలకు ప్రత్యేక రక్షణ లేదు. పాట ఎవరిదీ కాదు కనుక అందరిదీ అన్న వాదం ఇక్కడ సులభంగా వినిపిస్తుంది. కాని ప్రదర్శకుని నిర్వచనంలో నటుడు, గాయకుడు, వాద్యకారుడు మాత్రమే కాక దొమ్మరివాడు, గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు. ప్రదర్శన చేసే ఎవరికైనా 38వ సెక్షన్ కింద 50 ఏళ్ళ హక్కు ఉన్నది. 2012 సవరణ తరువాత తన పేరు చెప్పించుకొనే నైతికహక్కు, వాణిజ్యవినియోగంలో రాయల్టీ హక్కు చేరాయి. పాట అందరిదైనా ఆ రోజు వేసిన ఆ దరువు ఆ బృందానిది. ఆటలో ఫైలుకు ఎన్‌క్రిప్షన్ ఉండి, చివరి పేర్ల పట్టికలో ఆ బృందం పేరు లేకపోతే, రక్షణ ఎవరికి దక్కినట్లు?

నాల్గవది మాట. దోనె నడిపే పాత్రకు ఆ ప్రాంతపు మనిషే గాత్రమిచ్చి, ఉత్తరాంధ్ర యాసలో కొన్ని వందల వాక్యాలు పలికాడనుకుంటే, ఆ ఫైళ్ళ స్వభావం మిగిలిన మూడింటికి భిన్నమైనది. దానిని విడిగా చర్చించాలి.

6. గొంతు - నకలు నుండి అనుకరణకు:
ఆటలోని సంభాషణ ఫైలు ఒక విచిత్రమైన వస్తువు. సినిమాలో మాట నేపథ్యసంగీతంతో, ఇతర శబ్దాలతో కలిసి ఉంటుంది. ఆటలో ప్రతి వాక్యం విడి ఫైలు. స్టూడియోలో నిశ్శబ్దంగా ముద్రించినది. దాని పక్కనే ఉపశీర్షిక కోసం అక్షరరూపం ఉంటుంది. ఏ పాత్ర, ఏ భావం అన్నది తరచుగా ఫైలు పేరులోనే తెలుస్తుంది. ఒక గొంతును యంత్రానికి నేర్పడానికి ఇంతకన్న అనుకూలమైన సామగ్రి దొరకదు. కృత్రిమ మేధ రాకముందు ఈ ఫైలును నకలు చేసినవాడు ఆ వాక్యాన్నే మళ్ళీ వినగలిగేవాడు. ఇప్పుడు ఆ మనిషి ఎన్నడూ పలకని వాక్యాన్ని అతని చేత పలికించగలడు.

ఈ మార్పును ఆటల గాత్రధారులే ముందుగా గుర్తించారు. 2024 జూలైలో అమెరికాలో వీడియో గేమ్ నటులు సమ్మెకు దిగినప్పుడు కృత్రిమ మేధ వారి ప్రధాన సమస్య. అదే నెలలో బొంబాయి హైకోర్టు గాయకుడు అరిజిత్ సింగ్ గొంతును కృత్రిమంగా సృష్టించే సాధనాలకు వ్యతిరేకంగా మధ్యంతర రక్షణ ఇచ్చింది. తెలుగువారికి మరింత సన్నిహితమైన ఘటన 2024 ఆరంభంలో జరిగింది. ‘కీడా కోలా’ చిత్రంలో తన తండ్రి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో అనుమతి లేకుండా వినియోగించారని ఎస్.పి. చరణ్ నిర్మాతలకు, సంగీతదర్శకునికి న్యాయపరమైన నోటీసు పంపారు. వేలాది పాటలు ఇంటింటా నకళ్ళుగా ఉన్న గాయకుని విషయంలో వివాదానికి కారణం పాట నకలు కాదు. పాడని పాటను పాడినట్లు వినిపించడం.

ప్రసిద్ధగాయకునికి వారసులు, న్యాయవాదులు, అభిమానులు ఉంటారు. ఆ గొంతు ఎక్కడ వినిపించినా గుర్తుపట్టేవారు లక్షల మంది. కొండకర్ల దోనె మీది మనిషి గొంతు ఎక్కడో ఒక ప్రకటనలో వినిపిస్తే గుర్తుపట్టేది అతని ఊరివారే. ఒక్కరోజు పారితోషికానికి అతను ఇచ్చిన ముద్రణ, అతని ప్రమేయం లేకుండా, అతని యాసకే ప్రతినిధిగా మారవచ్చు. మాండలికం పలికే గొంతులు ముద్రణలో తక్కువ. తక్కువైన చోట ప్రతి గొంతుకూ విలువ, ప్రమాదం రెండూ ఎక్కువ. ఆటలోని ధ్వనుల నకలులో పరిహారానికి అందని హాని ఉన్నదంటే అది ఇక్కడే.

7. చట్టం చెప్పేది, చెప్పనిది:
2012 సవరణ ద్వారా కాపీరైట్ చట్టంలో 65ఎ, 65బి సెక్షన్లు చేరాయి. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించినవారికి రెండేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చని 65ఎ చెబుతుంది. ‘ఉల్లంఘించే ఉద్దేశంతో’ అన్న షరతు ముఖ్యమైనది. చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనానికి తాళం తెరవడం నేరం కాదు. అయితే అందుకు మరొకరికి సహాయపడేవారు ఆ వ్యక్తి పేరు, చిరునామా, ప్రయోజనం వంటి వివరాలతో పూర్తి రికార్డు ఉంచాలి. కర్త, హక్కుదారుల వివరాలను అనుమతి లేకుండా తొలగించడం 65బి కింద నేరం. మొదటిది తాళానికి రక్షణ, రెండవది ముద్రకు రక్షణ అని సంగ్రహించవచ్చు.

వీడియో గేమ్‌కు ఈ చట్టంలో ప్రత్యేక నిర్వచనం లేదు. అది కంప్యూటర్ ప్రోగ్రామూ, ధ్వనిముద్రణల సంపుటీ కూడా. 52వ సెక్షన్ కింద వ్యక్తిగత వినియోగానికి, పరిశోధనకు, విమర్శకు ఇచ్చిన న్యాయమైన వినియోగపు మినహాయింపు కంప్యూటర్ ప్రోగ్రాములకు వర్తించదు, ధ్వనిముద్రణలకు వర్తిస్తుంది. కాబట్టి ఆటలోని సంగీతంపై సిద్ధాంతగ్రంథం రాసే పరిశోధకుడు ఫైలును తెరిచి పరిశీలించడానికి చట్టంలో చోటు ఉన్నదని చదువుకోవచ్చు. ఆ ఫైలు ప్రోగ్రామ్ మూటలో ఉన్నందున సందేహానికీ చోటు ఉన్నది. ఈ సందేహాన్ని నివృత్తి చేయడం శాసనకర్తల పని.

గొంతు విషయంలో చట్టం ఇంకా పరోక్షంగానే మాట్లాడుతున్నది. ప్రదర్శకుని హక్కు జరిగిన ప్రదర్శనకు వర్తిస్తుంది. జరగని ప్రదర్శనను యంత్రం సృష్టించినప్పుడు న్యాయస్థానాలు వ్యక్తిత్వహక్కులను ఆశ్రయించవలసి వస్తున్నది. న్యాయస్థానం వరకు వెళ్ళలేని గాత్రధారికి ఒప్పందపత్రమే చట్టం.

8. ఒక ప్రతివాదం:
ఈ వాదానికి బలమైన అభ్యంతరం చిన్న తయారీదారుల నుండి రావచ్చు. పెద్ద సంస్థకు నకలు నష్టం లెక్కలో ఒక పంక్తి. ఇద్దరు ముగ్గురు కలిసి అప్పుతో తయారుచేసిన ఆటకు అది మనుగడ. వారి సంగీతాన్ని యథాతథంగా తీసుకొని మరొకరు వేరే ఆటలో పెట్టుకొంటే న్యాయస్థానానికి వెళ్ళే స్తోమత వారికి ఉండదు. అలాంటివారిని తాళం వద్దనడం ధర్మమా?

అభ్యంతరంలో న్యాయం ఉన్నది. తాళం పూర్తిగా ఆపలేకపోయినా శ్రమను పెంచుతుంది. యాదృచ్ఛికంగా ఫోల్డరు తెరిచినవానిని ఆపుతుంది. రెండవ మెట్టులోని మూటకట్టడం దాదాపు ఖర్చు లేకుండా ఈ మేరకు పనిచేస్తుంది. అంతకు మించి కఠినతరం చేయడానికి వెచ్చించే కాలం, ధనం చిన్న తయారీదారునికి ఎక్కువ భారం. ఛేదించేవానికి కొద్దిపాటి ఆలస్యం. మరొక ఆటలో తన సంగీతం కనిపించినప్పుడు అతనికి అక్కరకు వచ్చేది సాక్ష్యం. తేదీతో భద్రపరచిన మూలముద్రణలు, ధ్వనిలో పొదిగిన గుర్తు, స్పష్టమైన పేర్ల పట్టిక ఆ సాక్ష్యాన్ని ఇస్తాయి. పరిమితమైన శ్రమను ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. ఆ శ్రమకు మొదటి హక్కుదారు గొంతు.

9. ముగింపు:
పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు తేలుతున్నాయి.

ఆటలోని ధ్వనులన్నిటినీ ఒకే తాళం కింద పెట్టడం సాంకేతికంగా నిష్ఫలం, విలువల దృష్ట్యా అసమంజసం. పరిసరధ్వనికి కావలసినది మూలాన్ని నిజాయితీగా చెప్పడం. సంగీతానికి కావలసినది ముద్ర, విక్రయమార్గం. జానపదప్రదర్శనకు కావలసినది పేరు, రాయల్టీ. మాటకు కావలసినది ముందస్తు సమ్మతి: ఈ గొంతును యంత్రానికి నేర్పరాదన్న స్పష్టమైన నిబంధన, గాత్రధారికి అర్థమయ్యే తెలుగులో, అతని సంతకానికి ముందు. విడివిడి వాక్యాలకు, వాటి అక్షరరూపానికి ఉన్న బంధాన్ని విడుదల ప్రతిలో సులభంగా దొరకనీయకపోవడం, ఎన్‌క్రిప్షన్ వాడదలిస్తే ముందుగా ఈ ఫైళ్ళకే వాడటం దానికి తోడు కావాలి. వేసిన ప్రతి తాళానికి ఒక చెవిని విశ్వవిద్యాలయ గ్రంథాలయం వంటి చోట నిక్షేపించే ఏర్పాటు ఉంటే, ఆట ఆగిపోయిన తరువాత కూడా ధ్వని మిగులుతుంది.

తెలుగు విశ్వవిద్యాలయాలలో జానపదవిజ్ఞానం, భాషాశాస్త్రం, సంగీతం చదివేవారికి ఈ విషయం సాంకేతికుల వ్యవహారంగా కనిపించవచ్చు. కాని క్షేత్రపర్యటనలో ముద్రించిన ప్రతి గొంతుకూ ఇవే ప్రశ్నలు వర్తిస్తాయి. పరిశోధకుని కంప్యూటర్‌లో ఉన్న వృద్ధగాయని పాటకు, ఆటలో ఉన్న దోనెవాని మాటకు ఫైలుగా తేడా లేదు. ఫైలు పేరులో ఊరి పేరు, తేదీ ఉండి, పాడిన మనిషి సమ్మతి ఎక్కడా నమోదు కాకపోతే, ఆ ముద్రణకు ఎంత గట్టి తాళం వేసినా రక్షణ మొదలు కానట్లే.